ఒక డబ్బా, ఇద్దరు పిల్లలు

ఆహార లేబుళ్ళ కమిటీ సమావేశ మందిరంలో బల్లకు అవతల బాబాయి కూర్చుని ఉండటం చూసి ప్రభుత్వ పోషకాహార అధికారిణి గుమ్మంలోనే ఆగిపోయింది. రిటైరయ్యాక ఊరికే ఉండలేక ఆయన పిల్లల జ్యూసుల కంపెనీలో సలహాదారుగా చేరాడని తెలుసు. ఇక్కడికి ఆయన్నే పంపుతారని మాత్రం కలలో కూడా అనుకోలేదు. తండ్రి పోయాక ఆమెను పెంచిందీ, ఈ చదువు చదివించిందీ ఆయనే. కంపెనీవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. ఎవర్ని ఎవరి ఎదుట కూర్చోబెట్టాలో వాళ్ళకు బాగా తెలుసు.

తేల్చాల్సింది ఒక్కటే. చక్కెర మితిమీరిన డబ్బాల మీద ఎర్ర గుర్తు వేయాలి సరే, ఆ చక్కెర లెక్క దేనికి కట్టాలి? డబ్బా మొత్తానికి లెక్క కడితే ఈ జ్యూసుకు గుర్తు పడుతుంది. ఒక డబ్బా ఇద్దరు పిల్లలకని రాసుకుంటే చక్కెర సగమై, గుర్తు తప్పిపోతుంది. అరచేతిలో ఇమిడిపోయే డబ్బా, దానికి పీల్చుకునే గొట్టం ఒక్కటే. అయినా ఇద్దరికట!

బాబాయి గొంతు సవరించుకుని, కంపెనీ రాసిచ్చింది తలెత్తకుండా చదివాడు. "ఇళ్ళల్లో అక్కాతమ్ముళ్ళు ఒక డబ్బా పంచుకుని తాగుతారని మా సర్వేలో తేలింది."

ఆ కమిటీలో ఓట్లుండవు. అధ్యక్షురాలు నిబంధన చదివి ఆగుతుంది. ఎవరూ నోరు విప్పకపోతే ఖాయమైనట్టే. ఒక్కరు కాదన్నా పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టినవి మళ్ళీ వెలుగు చూసిన పాపాన పోలేదు. బాబాయి నోట ఆ ఒక్క మాట పలికించడానికే కంపెనీ ఆయన్ను పంపింది.

పెంచిన మనిషిని పదిమందిలో నిలదీయడమంటే మాటలా? అయినా ఆమె లేచింది.

"బాబాయ్..." అనేసి నాలుక కరుచుకుంది. ఇక దాపరికమెందుకని సాగించింది. "నేనూ తమ్ముడూ ఎప్పుడన్నా ఏదన్నా పంచుకుని తాగామా? నువ్వే చెప్పు."

"జుట్లు పట్టుకునేవాళ్ళు కదే!" అన్నాడు బాబాయి అప్రయత్నంగా. అందరూ నవ్వారు.

"మరి నీ మనవడు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఈ జ్యూసులు తాగీ తాగీ పుచ్చిన పాలపళ్ళు పీకిస్తుంటే మొన్ననే ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆయనే. తెలిసి తెలిసి అడిగినందుకు ఆమె ప్రాణం ఉసూరుమంది.

అధ్యక్షురాలు చదివింది. "చక్కెరను డబ్బా మొత్తానికి లెక్కించాలి."

అందరూ బాబాయి వైపు చూశారు. ఆయన చేతిలోని కాగితాన్ని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. మాట్లాడలేదు.

"ఖాయం," అంది అధ్యక్షురాలు.

సాయంత్రం ఆయన బయట మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఏమనాలో తోచక, "కంపెనీ కారు రాలేదా బాబాయ్?" అంది ఆమె.

"వచ్చింది. డ్రైవరుకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, వెళ్ళిపోయాడు. పాపం, నా మొహం చూడలేకపోయాడు." చేతి సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నీ బస్సు మా ఇంటి మీదుగానేగా వెళ్ళేది? ఏ నంబరో చెప్పవే, ఇవాళ్టి నుంచి నాక్కూడా అదే."