ఉన్నాం

చిన్న పడవలో డైవింగుకు వెళ్ళే కొత్తవాళ్ళకు మాస్టారు ఒడ్డు మీదే నాలుగు ముక్కలు చెప్పాడు. పడవలో లేచి తిరగకూడదు. సంచి ఒళ్ళో పట్టేంతే ఉండాలి. వాంతి వస్తే సిగ్గుపడకుండా గాలి పోయే వైపు కక్కాలి. ఎదురుగాలికి కక్కితే ఎవరి ముఖాన పడుతుందో ఆయన చెప్పనక్కర్లేదు. నీళ్ళలోకి దూకడం ఉండదు. అంచున కూర్చుని, ముఖం మీది అద్దాన్నీ నోట్లోని గొట్టాన్నీ ఒక చేత్తో అదిమిపట్టి, మూడు అనగానే అందరూ ఒక్కసారి వెనక్కి ఒరగాలి. ఆలస్యమైనవాళ్ళు కూర్చునే ఉండాలి, లేకపోతే ముందు దిగినవాడి నెత్తిన పడతారు. తిరిగి ఎక్కేటప్పుడు ముందు నడుముకు కట్టిన బరువులు అందించాలి, తరువాత ట్యాంకు, ఆఖరున మనిషి ఎక్కాలి.

"ఇంకొక్కటి. పైకొచ్చాక హాజరు పిలుస్తాను. ఎవరి నోటితో వాళ్ళే పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఒప్పుకోను."

వింటున్నవాళ్ళలో ఉన్న లెక్కల టీచరుకు ఆ మాట బాగా నచ్చింది. పదిహేడేళ్ళుగా బడిలో ఆమె పోరేది అందుకే. స్నేహితుడి బదులు గొంతు మార్చి పలికినవాణ్ణి ఆమె ఆ పీరియడంతా బల్ల ఎక్కించేది.

అలాంటి మనిషికి ఇంట్లో నోట్లో నాలుక లేదంటే ఆమె బడిపిల్లలు నమ్మరు. ఆమె భర్తకు టైల్స్ దుకాణం ఉంది. ఆ ఏడాది ఎక్కువ సరుకు అమ్మినందుకు కంపెనీవాళ్ళు ఇద్దరికి సముద్రం దగ్గర ఐదు రోజుల సెలవు బహుమతిగా ఇచ్చారు, డైవింగ్ నేర్పడంతో సహా. ఈత కొలనులో మూడు రోజులు నేర్పారు. ఆమెకు ఇట్టే వచ్చింది. ఆయనకు రాలేదు కానీ వచ్చిందనిపించుకున్నాడు. ట్యాంకు బరువుకు ఆమె పడవ అంచున తూలుతుంటే, "తాను దూర కంత లేదు, మెడకో డోలు" అని పక్కవాళ్ళకు వినబడేలా అన్నాడు. పక్కవాళ్ళంటే ఒక పళ్ళ డాక్టరు, అతని ఇద్దరు బావమరుదులు. ముగ్గురూ మర్యాదకు నవ్వారు. పడవ నడిపే సరంగు మాత్రం ఆమె ట్యాంకు పట్టీ ఒకసారి లాగి చూసి బిగించాడు.

నీళ్ళ కింద మొదటి పావుగంట హాయిగానే గడిచింది. తరువాత బావమరుదుల్లో ఒకడికి చెవి పోటు మొదలైంది. దంపతులిద్దరినీ ఒకరినొకరు కనిపెట్టుకుని రమ్మని సైగ చేసి, మాస్టారు ఆ ముగ్గురినీ తీసుకుని ముందు పైకి వెళ్ళాడు. ఇంకాసేపటికి భర్త ట్యాంకులో గాలి అడుగంటింది. కంగారుపడేవాళ్ళకు గాలి తొందరగా అయిపోతుంది. ఆయన బొటనవేలు పైకెత్తి చూపాడు. దుకాణంలో అయితే దానికి బేరం కుదిరిందని అర్థం, నీళ్ళలో మాత్రం పైకి పోదామని. ఆమె 'సరే' అన్నట్టు వేళ్ళతో సున్నా చుట్టేలోపే ఆయన కాళ్ళాడిస్తూ వెళ్ళిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

పైకి వచ్చే దారిలో ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలని నేర్పారు. ఆయన ఆగలేదు. ఆమె ఆగింది. ఒకటి నుంచి నూట ఎనభై దాకా ఒక్క అంకె కూడా మింగకుండా లెక్కపెట్టింది. ఆ మూడు నిమిషాల్లో నీటి వాలు ఆమెను చెప్పకుండా పక్కకు లాక్కుపోయింది.

తల బయటపెట్టేసరికి పడవ చాలా దూరంగా ఉంది. చెయ్యి ఊపింది. ఈల ఊదింది. ఇంజను మోగింది. తన కోసమే వస్తున్నారనుకుని, ఎంత పిరికిదాన్నని తనలో తనే నవ్వుకుంది కూడా. పడవ తోక ఇటు తిప్పి అవతలికి పోయింది.

ఆ తరువాత అల ఎత్తినప్పుడల్లా ఒక తెల్లటి చుక్క కనిపించేది, అల దింపినప్పుడు నీళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. కొంతసేపటికి ఎత్తినప్పుడూ చుక్క కనిపించడం మానేసింది.

ఒంటి మీది తేలుడు చొక్కాలోకి గాలి నింపుకుని తేలుతూ ఆమె లెక్క వేసింది. ఆయనకు తుడుచుకోవడానికి తువ్వాలు కావాలి. తువ్వాలు తన సంచిలో ఉంది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన తనంతట తాను తువ్వాలు వెతుక్కున్న రోజు లేదు. కనుక ఐదు నిమిషాల్లో "ఏమే" అని పిలుస్తాడు. పలకకపోతే తల తిప్పి చూస్తాడు. ఆమె ప్రాణం ఆ తువ్వాలు అంచున వేలాడింది.

ఐదు నిమిషాలు పోయాయి. పది పోయాయి. ఏదో పురుగు మణికట్టు మీద చురుక్కుమనిపించి పోయింది. పిక్కలు పట్టేశాయి. ఈల ఊదీ ఊదీ పెదవి చిట్లింది, ఉప్పునీళ్ళు ఆ పగుల్లోకే వచ్చి కూర్చున్నాయి.

దేవుణ్ణి తలుచుకుంది. రోజూ దీపం పెట్టి చెప్పే మాటే నోటికి వచ్చింది: "మమ్మల్ని చల్లగా చూడు తండ్రీ." అన్న తరువాత ఆమె ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా 'మమ్మల్ని' అనే అడిగింది. ఆ మాట విని దేవుడు పడవలోవాణ్ణి చల్లగా చూస్తున్నాడేమో. ఆ మాటలో తను కూడా ఉందని దేవుడికి ఎవరు చెప్పాలి? అన్నీ తెలిసినవాడే, కానీ అడిగేవాళ్ళు సరిగ్గా అడగాలి కదా. "నన్ను" అని మొదలుపెట్టింది. సిగ్గేసింది. నడిసముద్రంలో, చూసే మనిషి లేనిచోట, తన కోసం తను అడుక్కోవడానికి సిగ్గేసింది. "నన్ను చూడు" అని ఎలాగో అంది.

పడవ తిరిగి వచ్చేసరికి యాభై నిమిషాలు దాటింది. సరంగు ఇంజను ఆపి తాడు విసిరాడు. నియమం ప్రకారం ముందు బరువులు అందుకున్నాడు. తరువాత ట్యాంకును రెండు చేతులా జాగ్రత్తగా లేవనెత్తి, మీట బిగించి, దాని గూట్లో నిలబెట్టి కట్టాడు. అంతసేపూ ఆమె తాడు పట్టుకుని నీళ్ళలోనే ఉంది.

భర్త మెడ చుట్టూ తువ్వాలు ఉంది. సంచి తెరిచి తనే తీసుకున్నట్టున్నాడు.

"ఎక్కడ చచ్చావే? నలుగురిలో పరువు తీశావు."

ఆమె పళ్ళు టకటకలాడుతుంటే పళ్ళ డాక్టరు తన తుండుగుడ్డ ఇచ్చాడు. తను లేని సంగతి ఎవరు కనిపెట్టారని ఆమె అడిగింది. సరంగే చెప్పాడు, అబద్ధం ఆడటం రాక.

"రెండో చోట దిగడానికి ట్యాంకులు మారుస్తున్నానమ్మా. ఖాళీవి ఆరుండాలి, ఐదే ఉన్నాయి. ట్యాంకు పోతే ఆఫీసులో నన్ను బతకనివ్వరు. పడవంతా వెతికాను. అప్పుడు తట్టింది, అది మీ వీపున ఉందని."

ఆమె మాస్టారు వైపు తిరిగింది. "హాజరు పిలవలేదా?"

"పిలిచాను మేడమ్. అందరూ వాంతుల్లో ఉన్నారు, తలలెత్తలేదు. మీ పేరు పిలిస్తే సార్ 'ఉన్నాం' అన్నారు. ఇద్దరూ ఉన్నారనుకున్నా."

ఆ మాట భర్త ఎప్పుడూ అనేదే. తలుపు తట్టినవాళ్ళతో, పెళ్ళిపిలుపుల వాళ్ళతో, జనాభా లెక్కలకొచ్చినవాళ్ళతో ఆయన అదే అంటాడు. ఆమె వంటింట్లో ఉన్నా, బడిలో ఉన్నా, ఒకసారి ఆసుపత్రిలో పడి ఉన్నా అదే అన్నాడు.

"అయితే ఏమైంది?" అన్నాడు భర్త. "నేనున్నానంటే మొగుడూ పెళ్ళాం ఉన్నట్టే. మేమెప్పుడైనా వేరుగా ఉన్నామా?"

ఈసారి బావమరుదులు మర్యాదకు కాదు, నిజంగానే నవ్వారు. మాస్టారు ఆమె పక్కకు జరిగి, పై ఆఫీసు దాకా ఈ సంగతి పోనివ్వొద్దనీ, తనకు ఇద్దరు ఆడపిల్లలనీ మెల్లగా చెప్పుకున్నాడు. ఆమె తల ఊపింది. చలికి వణకడమో ఒప్పుకోవడమో ఆయనకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

గదికి చేరాక ఆమె తడిబట్టలు పిండుతుంటే, భర్త మంచం మీద వాలి ఆమె తల్లికి ఫోను కలిపాడు. మాట ఆమెకూ వినబడాలని ఫోను గొంతు పెంచాడు. మీ అమ్మాయి సముద్రంలో కాపురం పెడదామనుకుందని మొదలుపెట్టి, ఆయన కథంతా నవ్వు వచ్చేలా చెప్పాడు. ఆ కథలో పడవ తిప్పించింది ఆయనే.

"అయ్యో బాబూ," అంది తల్లి, "మీ ప్రాణం ఎంత కొట్టుకుందో. దడుసుకున్నారా? కాస్త వేడిగా ఏమైనా తాగి పడుకోండి."

ఆమె బకెట్ మీదికి వంగింది. డైవింగు చేసినవాళ్ళకు ముక్కులో దాగిన ఉప్పునీళ్ళు ఎప్పుడో వంగినప్పుడు ఉన్నట్టుండి ధారగా కారతాయి. అలాగే కారాయి. ఆపుదామంటే ఆగలేదు.

"ఇప్పుడేమైందని ఏడుపు?" అన్నాడాయన.

"ఏడవడం లేదండీ. నీళ్ళు."

"ఏడుస్తోందా?" ఫోనులోంచి తల్లి గొంతు, జాలిగా. "ఏడవనివ్వండి బాబూ. తప్పు తెలిసొచ్చినట్టుంది."