ఒక్క రోజుకు సరిపడా పాలు

అప్పటికి నా చేతిలో ఉన్నవి ఇవి: మేముండే ఒటారా పేట శనివారం సంతలో ఒక బల్ల, రెండు బస్తాల చేమదుంపలు, గట్టి గొంతు, భార్య లేసియేలి, తల్లి పాలు తప్ప సీసా ముట్టని పసికూతురు ఫినే.

కాన్పయ్యాక లేసియేలికి గుండె దడ పట్టుకుంది. థైరాయిడ్ అన్నారు. స్కాన్ కోసం రేడియోధార్మిక మందు సూది వేస్తామని డాక్టరమ్మ చెబుతుంటే మా ఆవిడ అన్నిటికీ తలూపింది. పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పడం మా టోంగా దీవుల వాళ్లకు రాదు. నేను సంతవాణ్ణి. షరతులు అడగందే సరుకు దించుకోను.

"మరి పాపకు పాలో?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "పాలిస్తోందా! అడిగి మంచిపని చేశారు. ఈ మందు కొంత పాలలోకి దిగుతుంది. సూది వేశాక ఒక రోజంతా పట్టకూడదు. ముందే పాలు పిండుకుని ఫ్రీజర్లో దాచండి. ఆ రోజు పిండినవి పారబోయండి."

"ఒక పూట చాలదా?"

"ఇక్కడ బేరాల్లేవు," అని నవ్వింది. "గ్రంథి మరీ ఎక్కువగా పనిచేస్తోందని తేలితే మాత్రం రేడియో అయోడిన్ చికిత్స కావాల్సి రావచ్చు. అప్పుడిక ఈ బిడ్డకు పాలు పూర్తిగా మాన్పించాల్సిందే."

లేసియేలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫ్రీజర్లోని చేపలను బంధువులకు పంచి, ఆ చోట పాల సంచులు పేర్చాం. తనను చూస్తే పాప మారాం చేస్తుందని, సూది వేయించుకుని లేసియేలి వాళ్లక్క ఇంట్లో ఉండిపోయింది. ఇక్కడ ఫినే సీసా చూడగానే గుక్కపట్టింది. పాపను చూసుకోవడానికి వచ్చిన అత్తగారు ఎంత లాలించినా పాలు ఉమ్మేసింది.

"అల్లుడూ, తల్లి దగ్గరికి తీసుకెళ్దాం. ఒక్కసారి తాగితే ఏమైపోతుంది?"

"వద్దత్తా. డాక్టరమ్మ ఒక రోజంటే ఒక రోజే."

"అయితే నువ్వే పట్టు. ఊరందరికీ దుంపలు అంటగడతావు, సొంత కూతురికి పాలు అంటగట్టలేవా?"

ఆ మాటతో వెలిగింది. ఫినే శనివారాలు పాలు తాగేది సంతలోనే, నా కేకలు వింటూ. సీసా అందుకుని గొంతెత్తాను.

"రండమ్మా రండి! మట్టి ఆరని దుంపలు! బస్తా కొంటే కొబ్బరికాయ ఉచితం!"

ఫినే ఏడుపు ఆపింది. నన్ను చూసింది. నోరు తెరిచింది. నేను కేకలు ఆపితే తనూ తాగడం ఆపేది. అరుస్తూనే ఉన్నాను. కాసేపటికి పక్కింటావిడ సంచీతో తలుపు తట్టింది. "ఇవాళ ఇంట్లోనే సంతా? ఏదీ, నా కొబ్బరికాయ?"

స్కాన్ ఫలితం వచ్చింది. కాన్పు తర్వాత వచ్చే గ్రంథి వాపేనట, మెల్లగా సర్దుకుంటుందట. అయోడిన్ అక్కర్లేదు.

లెక్క చూసుకుంటే, పోయినవి నా గొంతు, ఒక కొబ్బరికాయ. మిగిలినవి పక్కింటావిడ కొన్న బస్తా డబ్బులు, ఫ్రీజర్లో ఒక పాల సంచి, గడువు తీరగానే తల్లి ఒళ్లో చేరి, నా కేకలేవీ లేకుండానే కడుపు నిండా తాగిన ఫినే.