మంచమెక్కిన చుట్టం

పొద్దున్నే వాకిలి ఊడ్చి లోపలికొచ్చిన ద్వాలి, మంచం మీది పొగను కాస్త పక్కకు జరగమంది. అది జరగలేదు. మొగుడు దస్రు చుట్ట తాగి వదిలిన పొగ ఏనాడూ ఆ ఇల్లు దాటి పోలేదు. పెండ్లయిన నాటి నుంచి నులక మంచం మీదే చేరి, ఏటికేడు ఒళ్లు చేసి, ఇప్పుడు ఈ పట్టె నుంచి ఆ పట్టె దాకా నిండిపోయింది. ద్వాలి కింద చాప మీద పడుకుంటుంది. "అక్కా, మీ చుట్టం లేచిందా?" అని పక్కింటి సోమ్లి అడుగుతుంది, పొయ్యి వెలిగిందా అని అడిగినట్టే.

ద్వాలి బెంగ చుట్టం గురించి కాదు. దస్రు కాలివేలు నల్లబడింది. సారపాక కాగితం మిల్లులో జామాయిల్ కట్టెలు దింపే మనిషి. ఆ కాళ్ల మీదే ఇల్లు నిలబడింది. భద్రాచలం దవాఖానాలో డాక్టర్ తిప్పి తిప్పి చూసి, "రక్తం అందట్లేదు. పొగ ఆపకుంటే వేలితో పోదు, పాదం తియ్యాల్సొస్తది" అన్నాడు. బయటికొచ్చి దస్రు చేసిన మొదటి పని చుట్ట వెలిగించడం. మగవాళ్లకు భయమేస్తే అంతే, ఏది భయపెట్టిందో దాన్నే నోట్లో పెట్టుకుంటారు.

సలహాలకేం కొదవ! ఒకడు బీడీకి మారమన్నాడు, ఒకడు గుట్కా నమలమన్నాడు. వీడియోలో ఒకాయన చుట్ట మాన్పించే పొడంటూ డబ్బా చూపించి గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఎవణ్ని నమ్మాలి? తప్పు మాట నమ్మితే పోయేది పాదం. కూతురు కళ్యాణి నేర్పినట్టు ద్వాలి ఫోన్లో మైకు నొక్కింది.

"చుట్ట మానాలంటే ఏం జెయ్యాలె?"

"చుట్టం మన ఇంటికి వస్తే ముందుగా మంచినీళ్లు ఇవ్వాలి," అంది ఫోన్లోని ఆడగొంతు.

మంచం మీది పొగ మర్యాదగా సర్దుకు కూర్చుంది.

"మంచమే ఇచ్చినం, ఇంక నీళ్లు గూడనా! పొగాకు, పొగాకు మానాలె!"

"పొగాకు నారు పోసే ముందు నేలను మెత్తగా దున్నాలి..."

వాకిట్లో చుట్ట ముట్టించుకుంటూ దస్రు నవ్వాడు. "దానికి నాకంటే తెలివి తక్కువున్నట్టుంది గదనే."

"నీకంటే తక్కువ దేవుడు ఎవరికీ ఇయ్యలే." అన్నదే గాని ద్వాలి కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని ఒక్కో మాటా విడదీసి పలికింది. "నా పెనిమిటి. పొగ తాగుడు. బంద్ చేపియ్యాలె."

"పొగతాగడం మానాలనుకునే వారికి ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. శిక్షణ పొందిన సలహాదారులు మాట్లాడతారు. కాల్ చేయమంటారా?"

"అవ్."

"క్షమించండి, అర్థం కాలేదు."

"అవ్, అవ్ అంటున్న గదా! నీకు తెలుగొస్తదా, రాదా?"

"క్షమించండి. కాల్ చేయమంటారా?"

"అవును," అంది మంచం మీది పొగ, బళ్లో పాఠం అప్పజెప్పినంత స్పష్టంగా.

అది దస్రు గొంతే. దగ్గు పట్టకముందు, పెండ్లినాటి గొంతు. ద్వాలి దాన్ని మరిచిపోయి ఏళ్లయింది. దస్రు మెల్లగా లోపలికొచ్చాడు.

కాల్ కలిసి, అవతల ఒకమ్మాయి పలికింది. "మానాలనుకుంటున్నది మీరేనా అండీ?" ద్వాలి ఫోను అతని చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి పొడులూ గుట్కాలూ వద్దంది. తాగాలనిపించినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే ఆ యావ తగ్గుతుందంది. డాక్టర్ని మాత్రం వదలొద్దంది, మళ్లీ తామే ఫోన్ చేస్తామంది.

"చివరిసారి ఎప్పుడు తాగారు?"

దస్రు చేతిలో సగం కాలిన చుట్టను చూశాడు. నల్లబడ్డ వేలిని చూశాడు. చుట్టను బకెట్లో ముంచాడు. సుయ్‌మంది.

"గిప్పుడే, మేడం."

మంచం కిర్రుమంది. చుట్టం కాళ్లు కిందికి దించి, చెప్పుల కోసమన్నట్టు కాసేపు తడుముకుంది. ద్వాలి తలుపు రెండు రెక్కలూ తీసి పట్టుకుంది. ఉండమని మాటవరసకైనా అనలేదు.