మన తరఫు మనిషి

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆ పెద్దమనిషికి అందరి చూపూ సరిదిద్దడం తెలుసు, తనకు మాత్రం ముందుచూపు తక్కువ. కొట్లో ఎవరు ఏ ఫ్రేము పెట్టుకున్నా "అబ్బ, మీకోసమే చేసినట్టుంది!" అనడం అలవాటైపోయి, కొనబోయే ఫ్లాటులోనూ అదే పాట ఎత్తుకున్నాడు. హాలు చూసి అబ్బ, బాల్కనీ చూసి అబ్బబ్బ. చాలదన్నట్టు, "నెలాఖరుకి అద్దిల్లు ఖాళీ చెయ్యాలండీ" అని బ్రోకరు చెవిన వేశాడు. ఆ బ్రోకరేమో అమ్మేవాళ్ళ మనిషి. అప్పటిదాకా వంగుతానన్న ధర కాస్తా నిటారుగా నిలబడింది.

భార్య బడిలో వాలీబాల్ కోచ్. ఈల అక్కర్లేని గొంతు. మర్నాడు తమకంటూ ఒక ఏజెంటమ్మను వెంటబెట్టుకొచ్చింది.

"ఈవిడెందుకక్కా? నేను ఇద్దరి మనిషినేగా!" బ్రోకరు నవ్వాడు.

"అవతలి జట్టు కోచ్ నా పిల్లలకి ఆట నేర్పుతానంటే ఒప్పుకుంటానా తమ్ముడూ?"

"సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది. ఇల్లు చెయ్యి జారిపోద్ది మరి."

భర్త గుండె అంతకుముందే జారింది. "చూడూ, నెలాఖరు..."

"మీరు నోరు మూసి కళ్ళు తెరవండి. మీ వ్యాపారం కళ్ళతోనేగా!"

ఆమెకు ఇల్లు నచ్చక కాదు. ఎండ పడే ఆ వంటగదిలో పొయ్యి ఎక్కడో, డబ్బాలు ఎక్కడో మనసులో ఎప్పుడో సర్దేసుకుంది. అందుకే, పడగ్గదిలో ఒక్క గోడకే కొత్త రంగుండటం చూసిన ఏజెంటమ్మ పై ఫ్లాటువాళ్ళను బతిమాలి వాళ్ళ స్నానాలగదిలో నీళ్ళు వదిలిస్తుంటే, ఈమె ఆ గోడ తడవకూడదని మొక్కుకుంది. కాసేపటికి గోడ చెమర్చింది. బ్రోకరు నుదురూ చెమర్చింది.

"కొనకండి," అంది ఏజెంటమ్మ. "మీరు కొంటేనే నాకు కమీషన్. అయినా కొనకండి."

"చిన్న చెమ్మే అక్కా! రంగేస్తే పోద్ది."

"వేశారుగా!" అంది భార్య. "అసలు రంగే బయటపడింది."

ఆమె వంటగది వైపు ఒక్కసారి చూసి, మెట్లు దిగింది.

"ధర తగ్గించమంటా! లేకపోతే నెలాఖరుకి ఎక్కడుంటారు?" పైనుంచి బ్రోకరు అరిచాడు.

"రోడ్డు మీద!" ఆమె గొంతుకి మూడంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. "అక్కడ పైనుంచి కారేది వానొక్కటే. అదైనా ఉరిమి, చెప్పి మరీ కారుద్ది!"