చేతులమ్మ గొంతు

చేతులమ్మ గోళ్ళు కత్తిరించుకోవడం ముగించి, వెచ్చటి నీళ్ళ గిన్నెలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు ఉబ్బి ఉంది. ఎడమచేతి చిటికెనవేలు పొద్దున్న లేవగానే ముడుచుకోనని మొండికేస్తుంది. వేడికి కాస్త దారికొచ్చాక ఒక్కో వేలినీ వంచి, చాచి, మళ్ళీ వంచి చూసుకుంది. ఉంగరం తీసి కిటికీ అంచున పెట్టింది. పువ్వులూ గీతలూ లేని ముదురునీలం బట్టలు వేసుకుంది. చేతుల వెనక రంగులుంటే చూసేవాళ్ళ కళ్ళు చెదురుతాయి. ఆమె పనికి బట్టలు గోడలాంటివి; కనబడాల్సింది చేతులే.

ఆమె అసలు పేరు కాలేజీలో ఎవరికీ గుర్తులేదు. క్లాసులో పాఠం చెప్పే ప్రొఫెసర్ పక్కన, నల్లబల్ల మూలగా నిలబడి, ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటనూ చేతులతో చెప్పడం ఆమె ఉద్యోగం. పిల్లలు చేతులమ్మ అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

వంటింటి బల్ల దగ్గర తండ్రి అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పుట్టు చెవిటివాడు. అచ్చు యంత్రాల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ మోతకు తోటివాళ్ళకు ఒక్కొక్కరికే వినికిడి తగ్గుతుంటే, "వీళ్ళంతా నెమ్మదిగా నా దారికొస్తున్నారు" అని సైగ చేసి నవ్వేవాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే అల్లుడికి పెళ్ళయి ఇన్నేళ్ళయినా వచ్చిన సైగలు మూడే: టీ, తిన్నావా, కోపమా. మామా అల్లుళ్ళ కాపురం ఆ మూడింటి మీదే ఏ గొడవా లేకుండా సాగిపోతోంది. అల్లుడు ఆ రోజు కూడా టీ గ్లాసు పట్టుకొచ్చి, టీ అన్న సైగ చేసి, గ్లాసు ముందు పెట్టి వెళ్ళాడు.

ఆమె తల్లికీ వినబడేది కాదు. చేతులమ్మ మాటలు నేర్చుకోకముందే సైగలు నేర్చింది. ఊహ తెలిసేసరికి ఇంటికీ వీధికీ మధ్య రాయబారి అయింది. ఇంటి యజమాని పైనుంచి దిగి వచ్చి, గిన్నెల చప్పుడుకు నిద్ర లేదని తండ్రిని నానా మాటలూ అంటుంటే, చిన్నపిల్ల వాటిలోంచి ముళ్ళు ఏరేసి, కాస్త మెల్లగా పని చేసుకోమంటున్నారని సైగ చేసేది. ఒకనాడు యజమాని వెళ్ళిపోయాక తండ్రి ఆమెను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఆయన మొహం నాకు కనబడుతోంది కదమ్మా అన్నాడు చేతులతో. "నాకు రావలసిన తిట్టు నాకే ఇవ్వు. దాన్ని ఏం చేసుకోవాలో నేను చూసుకుంటాను." ఆ తర్వాత ఆమె ఎవరి మాటలోనూ చెయ్యి పెట్టలేదు. ఆసుపత్రిలో, కోర్టులో, చివరికి ఈ కాలేజీలో, అన్నది అన్నట్టే దాటించింది.

కాలేజీకి వచ్చింది ఒక్క విద్యార్థిని కోసం. నవ్వితే ఎడమ బుగ్గ మీద లోతుగా సొట్ట పడే అమ్మాయి. చెవిటివాళ్ళలో పేరంటే ఒక సైగ. చూపుడువేలు బుగ్గకు ఆనించి తిప్పితే ఆ అమ్మాయే. సొట్టబుగ్గ ఎంచుకున్నది అంతర్జాతీయ సంబంధాలు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, ఎప్పుడు కలిసుంటాయి, ఆ విషయం మీద ఎవరేమన్నారు అన్నది చదువు. మొదటి రోజు ప్రొఫెసర్ బల్ల వైపు తిరిగి గబగబా చెప్పుకుపోతుంటే చేతులమ్మ చేతులు గాల్లో ఆగిపోయాయి. సార్వభౌమత్వానికి సైగ లేదు. అధికార సమతుల్యతకు సైగ లేదు. ఒక్కో అక్షరం వేళ్ళతో పేర్చేసరికి ఆయన మరో శతాబ్దంలోకి వెళ్ళిపోయేవాడు.

అప్పటినుంచి సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర తండ్రితో కసరత్తు మొదలైంది. ముప్పై ఏళ్ళ యుద్ధం తర్వాత యూరప్ రాజులు అలిసిపోయి, ఒకరి రాజ్యంలో మరొకరు వేలుపెట్టకూడదన్న మాటకు వచ్చారని ఆమె వివరిస్తే, తండ్రి కాసేపు ఆలోచించి రెండు చేతులతో ఇంటికప్పు కట్టి, తలుపు మూసి, అరచెయ్యి గుండెకు ఆనించుకున్నాడు. అది సార్వభౌమత్వం అయింది. సమతుల్యతకు ఆమె రెండు అరచేతులనూ తక్కెడలా ఊపితే తల అడ్డంగా ఊపాడు. రాజులేమైనా కూరగాయలా? ఆయన చేతుల్లో ఒక పిడికిలి ఉబ్బుతూ పోతుంటే, రెండో చేతిలో విడివిడిగా ఉన్న వేళ్ళు దాన్ని చూసి దగ్గరకు జరిగి తామూ ఒక పిడికిలి అయ్యాయి. మర్నాడు సొట్టబుగ్గ ఆ సైగ చూసి పకపకా నవ్వి, చేతులమ్మ రెండు పిడికిళ్ళ పైన తన ఖాళీ అరచెయ్యి ఒకటి తిప్పింది. వీటి మీద పెద్ద ఎవరూ లేరు, అందుకే ఈ తంటా. వాస్తవవాదం అంతా ఆ ఒక్క కదలికలో ఉంది. ఉదారవాదానికి అల్లుకున్న వేళ్ళు వచ్చాయి. వర్తకం, ఒప్పందాలు, కలిసి కూర్చునే సభలు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పుట్టిన నానాజాతి సమితి కథ చెప్పేటప్పుడు ఆ అల్లిక ఎలా వదులైందో సొట్టబుగ్గ వేలు తర్వాత వేలు జారవిడిచి చూపేది. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. సొట్టబుగ్గ డాక్టరేటు దాకా వచ్చింది. ఇవాళ మౌఖిక పరీక్ష. గట్టెక్కితే మరో నగరంలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఖాయం. గట్టెక్కినా ఎక్కకపోయినా చేతులమ్మ ఉద్యోగానికి ఇవాళ ఆఖరు. కాలేజీలో మరో చెవిటి విద్యార్థి లేదు.

హాలు తలుపు దగ్గర ప్రొఫెసర్ ఆమెను పక్కకు పిలిచాడు. మంచివాడు. అరచేతులు చెమటపట్టి చొక్కాకు తుడుచుకుంటున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గట్టివాడనీ, వాస్తవవాదంలో తలపండిన మనిషనీ చెప్పాడు.

"అమ్మాయి ఎక్కడైనా తడబడితే కాస్త సర్దండి. మీకు ఇదంతా కంఠతా వచ్చుగా."

"సర్దను సార్. ఆమె ఏమంటే అదే అంటాను."

ఆయన ఆమె మొహం చూసి, తల ఊపి, తలుపు తీశాడు.

హాలు నిండింది. ముందు వరసలో సొట్టబుగ్గ తల్లి, చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. మధ్యలో విద్యార్థులు. వెనక వరస మొత్తం తండ్రీ ఆయన స్నేహితులూ, అందరూ చెవిటివాళ్ళే. వాళ్ళ కబుర్లకు చప్పుడు లేదు గానీ, పెళ్ళివారి పందిట్లో ఉన్నంత హడావిడి ఉంది.

పరీక్షకుడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మొదటి ప్రశ్న చేతులమ్మ వైపు చూస్తూ అడిగాడు. ఈ అమ్మాయి ఈ విషయం ఎందుకు తీసుకుందో కనుక్కోమన్నాడు. ఆమె ఆ మాటలు అలాగే సైగ చేసింది. సొట్టబుగ్గ చేతులు కదిలాయి. చేతులమ్మ గొంతు లేచింది: "నేను ఇక్కడున్నాను సర్. నన్నే అడగండి." ఆ నేను ఎవరో అర్థం కావడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత చూపు మార్చుకున్నాడు.

చిన్న దేశాలు పెద్ద దేశాల మధ్య ఎలా బతుకుతాయన్నది సొట్టబుగ్గ పరిశోధన. ప్రశ్నలు సజావుగానే నడిచాయి. పొత్తులు, తటస్థత, ఒప్పందాలు. చేతులమ్మ బొటనవేలు సలపడం మొదలుపెట్టింది. మామూలుగా ఇంత పొడుగు పనికి ఇద్దరుండి మార్చుకుంటారు. రెండోవాళ్ళు లేరు. ఆమె మణికట్టును తొడకు ఒకసారి నొక్కుకుని మళ్ళీ చేతులు లేపింది.

అప్పుడు పరీక్షకుడు మీలోస్ దగ్గరికి వచ్చాడు. ప్రాచీన గ్రీకు దేశంలో చిన్న ద్వీపం. ఎవరి పక్షమూ వద్దు, మా మానాన మమ్మల్ని వదిలేయండన్నది. సముద్రం మీద ఎదురులేని ఏథెన్స్ లొంగమంది. ద్వీపం లొంగలేదు. ఏథెన్స్ ముట్టడించి మగవాళ్ళను చంపింది, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. తప్పు ఎవరిదని పరీక్షకుడు అడిగాడు.

సొట్టబుగ్గ గాల్లో కుడిపక్కన ఏథెన్స్‌ను నిలిపింది, ఎడమపక్కన ద్వీపాన్ని నిలిపింది. చేతులమ్మకు జవాబు తెలుసు. ఎనిమిదేళ్ళుగా ప్రొఫెసర్ చెప్పిన పాఠం: బలాబలాలు చూసుకోక మొండికి పోయిన ద్వీపానిదే తప్పు, వాస్తవవాదం అక్కడే మొదలు. తప్పు అన్న సైగ ఎడమకు పడుతుందని ఆమె గొంతు ముందే సిద్ధమైంది.

సైగ కుడికి పడింది.

పొరబడిందేమో. కంగారులో చెయ్యి తిరిగిపోయిందేమో. ఒక్క పేరు మార్చి పలికితే చాలు, సరైన జవాబు అయిపోతుంది. ఈ హాల్లో వినగలవాళ్ళకు, ఇంటి సైగలు తప్ప ఎరగని సొట్టబుగ్గ తల్లికి కూడా, ఈ సైగలు రావు. సైగలు వచ్చినవాళ్ళకు వినబడదు. ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. ప్రొఫెసర్ తలొంచుకుని వేళ్ళు నలుపుకుంటున్నాడు. ముందు వరసలో తల్లి ఆమె నోటికేసే చూస్తోంది.

"తప్పు ఏథెన్స్‌ది" అంది చేతులమ్మ.

పరీక్షకుడు కళ్ళజోడు తీశాడు. "ఇది ఆ అమ్మాయి మాటా, మీ పొరపాటా?"

ఆ ప్రశ్ననూ, అందులోని వెటకారాన్నీ ఆమె చుక్క కారకుండా సైగ చేసింది. సొట్టబుగ్గ ఒక అడుగు ముందుకు వేసి ఆయన కళ్ళలోకి చూసింది.

"మాట నాది సర్. ఆమె పొరబడదు. ఏథెన్స్‌కి ద్వీపాన్ని గెలిచే బలం ఉంది, గెలిచింది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారు. ఏ గొడవా లేకుండా దూరంగా ఉన్నా వీళ్ళు వదలరని నేర్చుకున్నారు."

చివరికి ఆ యుద్ధంలో ఏథెన్స్ ఓడింది అందువల్ల కాదుగా అన్నాడాయన. సిసిలీ మీదికి పోయి దెబ్బతింది, శత్రువుకు పర్షియా అండ దొరికింది.

"అందువల్లే ఓడిందని నేననడం లేదు. చివరి ఓటమి కబురు వచ్చిన రాత్రి ఏథెన్స్‌లో ఎవరూ నిద్రపోలేదని ఆ కాలపు మనిషే రాశాడు. మీలోస్‌కి మనం చేసిందే ఇప్పుడు మనకి చేస్తారని ఏడ్చారట. ఓడల్ని మాత్రమే లెక్కపెట్టే సిద్ధాంతం ఆ రాత్రిని ఏ గడిలో వేస్తుంది సర్?"

ఆ మాటలు తన గొంతులోంచి వస్తుంటే చేతులమ్మ వాటిని మొదటిసారి వింది. ఇది ఏ క్లాసులోనూ ఆమె చేతుల మీదుగా దాటలేదు. ఈ అమ్మాయి ఎక్కడో ఒంటరిగా కూర్చుని చదివి, తనంతట తాను తెచ్చుకుంది.

పరీక్షకుడు కుర్చీలో ముందుకు వంగి, అయితే వాస్తవవాదం పనికిరాదంటారా అని మెల్లగా అడిగాడు. సొట్టబుగ్గ బల్ల దగ్గరికి నడిచి హఠాత్తుగా ఆయన మొహం ముందు చెయ్యి ఎత్తింది. ఆయన చటుక్కున వెనక్కి వాలాడు. ఆమె చెయ్యి అలాగే ఉంచి, చిన్నగా ఊపి, పలకరింపుగా మార్చేసింది. వెనక వరస మొత్తం విరగబడి నవ్వింది. మిగతావాళ్ళు ఏం జరిగిందో తెలియక వెనక్కి తిరిగి చూశారు. అప్పుడు సొట్టబుగ్గ చేతుల వెంట చేతులమ్మ గొంతు వచ్చింది.

"పనికొస్తుంది సర్. ఎత్తిన చేతిని చూసి మీరు వెనక్కి తగ్గడం వాస్తవవాదం. కానీ చెయ్యి ఒక్కటే. కొట్టడానికా, పలకరించడానికా అన్నది అంతకుముందు మనిద్దరి మధ్య ఏం నడిచిందో అది చెప్తుంది. నా పరిశోధన ఆ సంగతి మీదే."

ఈసారి హాలంతా నవ్వింది. అందరికంటే ఆఖరున, అందరికంటే ఎక్కువసేపు పరీక్షకుడు నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, ఎదుట ఉన్న గ్రంథం మూసి, ఇక తన దగ్గర ప్రశ్నలు లేవన్నాడు. ఈ అమ్మాయికి పట్టా ఇవ్వకపోతే ఇవాళ రాత్రి తనకూ నిద్ర పట్టదన్నాడు.

వెనక వరసలో చేతులు పైకి లేచి గాల్లో అల్లల్లాడాయి. చెవిటివాళ్ళ చప్పట్లు అవే. విద్యార్థులు కొట్టబోతున్న చప్పట్లు ఆపి, వెనక్కి చూసి, తామూ చేతులు ఎత్తారు. ప్రొఫెసర్ ఎత్తాడు. తల్లి సంచి జారిపోతున్నా పట్టించుకోకుండా ఎత్తింది. చప్పుడు లేని ఆ చేతుల అడవి మధ్య సొట్టబుగ్గ గిర్రున తిరిగి నాలుగు దిక్కులా చూసుకుంది. బుగ్గ మీద సొట్ట ఎంత లోతుగా పడిందంటే అందులో వేలు పట్టేలా ఉంది.

గందరగోళం తగ్గాక పరీక్షకుడు చేతులమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇన్నేళ్ళు ఈ పాఠాలన్నీ దాటించారుగా. మీరేమంటారమ్మా, తప్పు ఎవరిది?"

ఆ హాల్లో ఆమెను ఆమెగా ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. ముందు ఆ ప్రశ్నను అలవాటుగా సొట్టబుగ్గకు సైగ చేసింది. తర్వాత నోటితో చెబుతూ, చేతులతోనూ చెప్పింది.

"ఇవాళ పొద్దుటి దాకా మీలోస్‌దే అనుకున్నాను సార్. ఇప్పుడు మార్చుకున్నాను."

ప్రొఫెసర్ ఆమెకు నమస్కరించాడు. ఆ ఒక్క పేరు దగ్గర ఆమె ఎంతసేపు ఆగిందో ఆయన కనిపెట్టినట్టే ఉన్నాడు.

మధ్యాహ్నానికి వరండా ఖాళీ అయింది. సొట్టబుగ్గ రేపే ప్రయాణం. అక్కడ తనకోసం సైగలు చెప్పడానికి కొత్తగా ఒక అమ్మాయిని పెట్టుకున్నారనీ, మన సైగలన్నీ ఆ అమ్మాయికి నేర్పాలనీ, నాన్నగారి కూరగాయల కథ కూడా చెప్పి మరీ నేర్పుతాననీ అంది. "అక్కా" అని సైగ చేసి, మళ్ళీ చేసి, ఇక చేతులు ఆడక ఆమెను వాటేసుకుంది. చేతులు వాటేసుకునే పనిలో ఉన్నంతసేపూ ఇద్దరికీ మాట లేదు.

హాలు తాళం వేయడానికి వచ్చిన అటెండరు, రేపట్నుంచి రారటగా అన్నాడు. రాను అంది. వరండా కుళాయి దగ్గర రుమాలు తడిపి బొటనవేలికి చుట్టుకుని, చల్లదనం ఎక్కేదాకా నిలబడింది. సలుపు తగ్గాక రుమాలు పిండి, కిటికీ ఊచ మీద ఆరేసి, మొహం కడుక్కుంది.

గేటు దగ్గర తండ్రి ఎదురుచూస్తున్నాడు. సొట్టబుగ్గ మాటలన్నీ తిన్నగా చూశాడు. ఆయనకు తెలియనిది ఒక్కటే.

"అందరూ నవ్వినప్పుడు హాలు ఎలా మోగింది?"

ఆమె కాసేపు వెతుక్కుంది. ప్రెస్సులో పొద్దున్నే యంత్రాలన్నీ ఒక్కసారిగా మొదలైనట్టు అని సైగ చేసింది. అరికాళ్ళ గుండా ఆ మోత ఎరిగిన మనిషి. కళ్ళు పెద్దవి చేసి, అంత మోతా అని అడిగి, ఆమె ఔనన్నాక ఛాతీ విరుచుకున్నాడు. ఎండలో ఇద్దరూ ఒకరికొకరు అడ్డం తగులుతూ, చేతులు ఆపకుండా, రోడ్డు మలుపు దాకా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

వరండాలో కిటికీ ఊచ మీద ఆమె మరిచిపోయిన తడి రుమాలు గాలికి లేస్తూ, వాలుతూ ఆరుతోంది.