వెనక వరస వాళ్ళం

మా ఆయన నన్ను "మేడమ్" అని గౌరవంగా పిలిచేది నెలకొక్క ఆదివారం. అదీ టూరిస్టు బస్సు మెట్ల దగ్గర నిలబడి, తెల్లచొక్కా మీద కంపెనీ బిళ్ళ పెట్టుకుని, ఇక్కడి భాషలో. "జాగ్రత్తగా ఎక్కండి మేడమ్, మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది" అంటాడు. ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళు కూడా తనంతట తాను తెచ్చుకోని మనిషి. నేను మొహం చూడకుండా థాంక్స్ చెప్పి ఎక్కేస్తాను. నా వెనకే మా అమ్మాయి. ఎనిమిదేళ్ళు. నిద్ర లేచింది మొదలు నోరు మూతపడదని దాన్ని గిలక్కాయ అంటాం. బస్సు మెట్ల దగ్గర మాత్రం గిలక్కాయ కూడా గప్‌చుప్.

ఈ నాటకం ఎందుకంటే, ఆయన ఆ బస్సు డ్రైవరు. బస్సులు నిండేదే ఆదివారం కాబట్టి ఆయనకు సెలవు మంగళవారం ఇస్తారు. నేను ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. ఉతికిన దుప్పటిని ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం పట్టుకుని వేడి రోలరులోకి పంపాలి. నాకూ, బడికెళ్ళే పిల్లకీ సెలవు ఆదివారమే. ఈ దేశానికొచ్చిన మొదటి రెండేళ్ళలో ముగ్గురం కలిసి ఒక్క పూట బయట తిరిగిన పాపాన పోలేదు. మంగళవారం ఆయన ఒక్కడే ఇంట్లో గుర్రుపెట్టేవాడు. ఆదివారం మేమిద్దరం కిటికీలోంచి ఎదుటి బిల్డింగు గోడ చూసేవాళ్ళం.

కంపెనీ టికెట్ల కౌంటరులో మనవాడే ఒకాయన ఉన్నాడు. రోజంతా కిటికీ వెనక ఉంటాడని ఆయనకు కిటికీ అన్నయ్య అని పేరు పెట్టుకున్నాం. అమ్ముడుపోకుండా మిగిలిన సీట్లలో మమ్మల్ని ఎక్కిస్తానన్నాడు.

"కానీ చెల్లెమ్మా, బండిలో మీరెవరో ఆయనెవరో. పెళ్ళాంపిల్లల్ని ఊరికే ఎక్కించాడని పోయినేడు ఒకతన్ని సాయంత్రానికల్లా పీకేశారు. బయటపడితే మీ ఆయనతో పాటు నేనూ మూటాముల్లె సర్దుకోవాలి."

ఆయన ఉద్యోగం చూసే ఈ దేశం మా ముగ్గురికీ కాగితాలిచ్చింది. అది పోతే మేమూ పోవాల్సిందే. అందుకని మా ఆయన గిలక్కాయకు ఇంట్లో బాగా తర్ఫీదిచ్చాడు. బస్సులో నాన్నా అనకూడదు, తెలుగులో మాట్లాడించకూడదు, ఎవరడిగినా తెలీదనాలి. అది రెండు రోజుల్లో నేర్చేసుకుంది. మొదట్లో అదేదో ఆటలాగే ఉండేది.

మొదటి ఏడాదిలో పన్నెండుసార్లు వెళ్ళాం. కోట చూశాం, సరస్సు చూశాం, లైట్‌హౌస్ ఎక్కాం. అన్నీ వెనక వరసలో, టాయిలెట్ తలుపు పక్కన, డబ్బులు పెట్టి ఎవరూ కొనని రెండు సీట్లలోంచి. దిగిన చోట ఫొటో కావాలంటే ఆయన్నే అడిగేదాన్ని. "కాస్త ఫొటో తీస్తారా డ్రైవరు గారూ?" అని. నవ్వాపుకుంటూ తీసేవాడు. అందుకే ఆ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

అంతవరకూ బాగానే ఉంది. నాలుగు నెలల కిందట ఆయనకున్న షుగరు జబ్బు మాత్రలకు లొంగడం మానేసింది. డాక్టరు ఇన్సులిన్ సూది మొదలుపెట్టాడు. సూది సంగతి డ్రైవరు కంపెనీకి చెప్పాలి. చెబితే ఇక పెద్ద బండి చేతికివ్వరు. ఆయన చెప్పలేదు. చెప్పమని నేను నెత్తీనోరూ మొత్తుకున్నాను.

"చెప్పి ఏం చేద్దాం? ముగ్గురం విమానమెక్కుదామా?" అన్నాడు. "సూది పొడుచుకుంటా, టైముకి తింటా, అయిపోయింది. నువ్వు ఊరికే గొడవ చెయ్యకు."

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నోరు మూసుకున్నాను. మూసుకోవడమే కాదు, ఆ తర్వాత మూడుసార్లు అదే బస్సెక్కి ఊళ్ళు తిరిగొచ్చాను. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను కాల్చుకు తింటోంది.

నాలుగోసారి వెళ్ళింది కొండమీద లోయ చూడటానికి. బస్సులో నలభై ఇద్దరం. మధ్యాహ్నం కొండ కింద క్యాంటీను దగ్గర ఆపారు. ఆయన నీలం రంగు చిన్న సంచీ పట్టుకుని టాయిలెట్‌లోకి వెళ్ళొచ్చాడు. సూది పొడుచుకున్నాడన్నమాట, ఇక వెంటనే తినకపోతే షుగరు పడిపోతుంది. వచ్చి అన్నం డబ్బా మూత తీశాడో లేదో, ఒక ముసలాయన కళ్ళజోడు పోయిందని గోల పెట్టాడు. మా ఆయన డబ్బా అలాగే వదిలేసి, బస్సులోకెళ్ళి సీట్ల కిందంతా పాక్కుంటూ వెతికాడు. జోడు దొరికేసరికి బయల్దేరే టైమైంది. డబ్బా మూత పెట్టేశాడు.

నేను రెండు బల్లల అవతల కూర్చుని ఇదంతా చూస్తున్నాను. "తిని కదలండి" అని ఒక్క కేక వెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఎవరో ప్రయాణికురాలిని కదా మరి. గుడ్లురిమి చూశాను. ఆయన నా వైపే చూడలేదు.

కొండెక్కుతుండగా బస్సు రెండుసార్లు తెల్లగీత దాటి పక్కకు జరిగింది. రెండోసారి చక్రాల కింద కంకర చప్పుడైంది. ముందు సీట్లవాళ్ళు కెవ్వుమన్నారు. నేను గిలక్కాయను గట్టిగా పట్టుకున్నాను. ఎలాగో పైకి చేరాం. అందరూ కెమెరాలతో దిగుతున్నారు. గైడు పాతికేళ్ళ పిల్ల, ఈ దేశపు మనిషే. ఇక్కడ ఎంతసేపు ఆగుదామని ఆయన్ని అడిగింది.

"చెప్పులు గుమ్మంలో విప్పు. అమ్మ తిడుతుంది" అన్నాడు ఆయన. తెలుగులో.

ఆ పిల్ల హాస్యమనుకుని నవ్వింది. నేను దిగేవాళ్ళ వరసలో నాలుగడుగుల వెనకే ఉన్నాను. ఆయన వాళ్ళమ్మ పోయి పన్నెండేళ్ళు. కాలరు తడిసి మెడకు అంటుకుపోయింది, కళ్ళు ఎటో చూస్తున్నాయి. గిలక్కాయ చేతిలోని పళ్ళరసం సీసా లాక్కుని ముందుకు పరిగెత్తాను. "పాపం ఎండకు నీరసపడినట్టున్నారు, ఇది తాగండి" అని ఇక్కడి భాషలో నలుగురికీ వినపడేట్టు అన్నాను. సీసా మొత్తం తాగాడు. పావుగంటకు నన్ను గుర్తుపట్టాడు.

"వెళ్ళి కూర్చో. నాకేం కాలేదు" అన్నాడు పెదాలు కదపకుండా.

"ఏవండీ, దిగేదారి. పద్నాలుగు మలుపులున్నాయి. ఇంకో బండి పిలిపించమనండి."

"పిలిపిస్తే ఎందుకని అడగరా? కూర్చోమన్నానా లేదా?"

"మీ చెయ్యి చూసుకోండి ఒకసారి."

తాళంచెవి పెట్టడానికి చూస్తున్నాడు. రెండుసార్లు తప్పింది, మూడోసారికి పడింది. జనం తిరిగొచ్చి ఎక్కేస్తున్నారు. కళ్ళజోడు ముసలాయన తన భార్యను చెయ్యిపట్టుకుని మెట్టెక్కిస్తున్నాడు.

నేను గైడు దగ్గరికెళ్ళి, డ్రైవరుకి ఒంట్లో బాలేదు, బస్సు కదలనివ్వకండి అన్నాను. ఆమె ఆయన్ని అడిగింది. బ్రహ్మాండంగా ఉన్నానన్నాడు. "మీరు డాక్టరా?" అని ఆమె నన్నడిగింది. కాదన్నాను. "మరి మీకెలా తెలుసు?" అంది.

ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబుంది.

"ఆయన నా భర్త. రోజూ సూది పొడుచుకుంటాడు. ఇవాళ పొడుచుకుని అన్నం తినలేదు."

గైడు ఆయన వైపు తిరిగి, నిజమేనా అంది. మా ఆయన నా మొహంలోకి సూటిగా చూశాడు. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి.

"ఈమె ఎవరో నాకు తెలీదు" అన్నాడు.

తప్పుపట్టలేను. ఇంట్లో మేం పెట్టుకున్న నియమం అదే. గైడు ఈసారి గిలక్కాయ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పాపా, ఈయన మీ నాన్నా?" అని మెల్లగా అడిగింది. పిల్ల నా వంక చూసింది, ఆయన వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"తెలీదు. డ్రైవరు గారు" అంది గిలక్కాయ. ఒక్క అక్షరం తడబడలేదు.

ఎవరో నవ్వారు. ఇంకెవరో, ఆవిణ్ణి దింపేసి బయల్దేరండి, చీకటి పడుతుంది అన్నారు. "దయచేసి మీ సీట్లో కూర్చోండి మేడమ్" అంది గైడు. ఆమె మొహంలో నా మీద జాలి కనిపించింది. నన్ను పిచ్చిదాన్నే అనుకుని ఉంటుంది.

నిజం దాచడమెందుకు, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. చెప్పాల్సింది చెప్పాను, నమ్మలేదు, నా తప్పేముంది? వెనక్కెళ్ళి కూర్చుంటే ఉద్యోగం మిగులుతుంది, ఇల్లు మిగులుతుంది, గిలక్కాయ బడి మిగులుతుంది. రసం తాగాడుగా, ఏమీ కాకపోవచ్చు కూడా. లేదా పిల్లను దింపుకుని మేమిద్దరం ఇక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు బస్సు లోయలో పడితే మిగతా వాళ్ళు పోతారు. ఆయనా పోతాడు.

ఫోను తీశాను. వేళ్ళతో ఫొటోలు జరుపుతున్నాను. కోట, సరస్సు, లైట్‌హౌస్. అన్నిట్లోనూ నేనూ, పిల్లా. ఆయన ఎక్కడా లేడు. ఇంజను మొదలైంది. ఎంత జరిపినా మేమే. చివరికి దొరికింది. చిరుగుల బనీనులో ఆయన పడుకుని ఉన్నాడు, నాలుగేళ్ళ గిలక్కాయ ఆయన పొట్ట మీద బోర్లా పడి నిద్రపోతోంది. ఇద్దరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి.

గైడు ఆ ఫొటో చాలాసేపు చూసింది. ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన ఇంజను ఆపేశాడు. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. సీటు కింది నుంచి నీలం సంచీ తీసి అదీ ఇచ్చాడు. మెట్లు దిగి, పార్కింగు అంచున గట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

వేరే డ్రైవరు రావడానికి రెండున్నర గంటలు పట్టింది. జనం మమ్మల్ని చూసి ఏమనుకున్నారో, ఏం తిట్టుకున్నారో నాకు పట్టలేదు. అన్నం డబ్బా పట్టుకెళ్ళి ఆయన పక్కన పెట్టాను. ముట్టుకోలేదు. "తినకపోతే ఇక్కడే అరుస్తాను, ఇక నాకెవరి భయమూ లేదు" అన్నాను. నాలుగు ముద్దలు తిన్నాడు. గిలక్కాయ నా కొంగు లాగింది.

"నేను సరిగ్గానే చెప్పాను కదమ్మా. నువ్వే తప్పు చెప్పేశావు" అంది. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు సరిగ్గానే చెప్పావు తల్లీ" అన్నాడు ఆయన. ఆ సాయంత్రం ఆయన మాట్లాడింది అంతే.

కొత్త డ్రైవరు వచ్చాక, వెనక వరసలో మా పక్కనున్న అబ్బాయి లేచి ముందుకెళ్ళిపోయాడు. ఆ సీట్లో మా ఆయన కూర్చున్నాడు. పదహారు ప్రయాణాల్లో ముగ్గురం ఒకే వరసలో కూర్చోవడం అదే మొదలు. పిల్ల మా మధ్య కూర్చుంది. ఆయన వీపు నిటారుగా పెట్టి, అంత వెనక నుంచి కూడా ముందు అద్దంలోకే చూస్తున్నాడు.

బస్సు కొండ దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దగ్గర ఆయన కుడికాలు ముందుకు జరిగి నేలను నొక్కింది. తర్వాతి మలుపులోనూ నొక్కింది. అక్కడ బ్రేకు లేదు, రబ్బరు చాప మాత్రమే ఉంది. తను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలియడం లేదు. పద్నాలుగు మలుపులూ ఆయన అలా తొక్కుతూనే ఉన్నాడు. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. మళ్ళీ అదే చేస్తాను. అయినా ఆ కాలు చూస్తూ, పిల్లకు కనపడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకుని, కొండ దిగేదాకా ఏడ్చాను.