గీత మందం

ఊళ్లో ఇళ్లు తగలబెడుతుంటే ఆ తల్లీకూతుళ్లు కట్టుబట్టలతో పారిపోయి వచ్చారు. సరిహద్దు దాటి శిబిరం చేరేసరికి పిల్ల వయసు చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు. అక్కడ అలాంటి పిల్లలు బోలెడుమంది. అందుకని అధికారులు వయసు గొడవ మానేసి, ఆడవాళ్ల గది గుమ్మం మీద ఎర్రగీత గీయించారు. నెత్తి గీతకు కిందుంటే పిల్ల తల్లి దగ్గరే. దాటితే నది అవతలి పిల్లల వసతిగృహానికి. తల్లులకేమో గేటు దాటే అనుమతి లేదు.

ఆ రోజు కొలతలు. తల్లి గౌను అంచు విప్పి పాదాల దాకా దించి కుట్టింది. దాని చాటున మోకాళ్లు వంచి నిలబడటం నెల్లాళ్లుగా నేర్పింది.

"వెదురుబొంగును గుడ్డలో చుడితే దాగుతుందా అక్కా?" అంది పక్క మంచం ఆవిడ. "మావాణ్ణి చూడు. తిన్నదంతా నోటికే పోతుంది, కాళ్లకు దిగదు."

తల్లికి నవ్వొచ్చింది గానీ పెదవి దాటలేదు.

నర్సమ్మ పిల్ల నెత్తి మీద అట్ట ఆనించి, గౌను వంక చూసింది.

"మోకాళ్లు నొప్పెట్టడం లేదూ? నిటారుగా నిలబడు తల్లీ."

పిల్ల అమ్మ వైపు చూసింది. అమ్మ తల దించుకుంది. పిల్ల నిలబడింది. అట్ట ఎర్రరంగు మీదికి ఎక్కింది.

"మీ కాళ్లు పట్టుకుంటానమ్మా..." అంది తల్లి.

"ఆగమ్మా, చూడనీ." నర్సమ్మ కళ్లజోడు సర్దుకుంది. ఏటేటా రంగు మీద రంగు పూసి గీత బొటనవేలంత లావయింది. అట్ట సరిగ్గా దాని నడుమ ఆగింది. "కిందుంటే ఇక్కడ, దాటితే అక్కడ అన్నారు. గీతలో ఇరుక్కున్నవాళ్ల సంగతి నాకెవరూ చెప్పలేదు. దాటలేదనే రాస్తాను." పెన్ను మూత పెడుతూ గొంతు తగ్గించింది. "మూడు నెలలకు మళ్లీ కొలుస్తారు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర వంటావిడ గరిటె ఎత్తింది. "ఇంకాస్త వెయ్యనా బంగారం?"

"చాలు పెద్దమ్మా." పిల్ల కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు మాత్రం గరిటెను వదల్లేదు.

తల్లి ఆ చేతి వంక చూసింది. ఇది తను నేర్పింది కాదు.

"వెయ్యి వదినా," అని ఆ చేతిని పక్కకు తీసింది.

"పొడుగైపోతానేమో అమ్మా."

"అవుదువులే. తిను."

పిల్ల ఆవురావురుమని తింటుంటే, ఒక్కో ముద్దా లోపలికి దిగడం చూస్తూ తల్లి తన అన్నం కలుపుకోవడం మరిచిపోయింది.